మొదటి పలక

ఆ శనివారం తెల్లవారేసరికి నా చేతిలో ఉన్నది ఒక పగలు. పొద్దు పొడవకముందే వరమ్మక్కను నిజాంపట్నం పొలిమేర దాటించాలి, పొద్దు గుంకాక తిరిగి తీసుకురావాలి. ఆ పగలు కాక ఇంకో రెండు ఉన్నాయి. ఆమెకు నా మీద ఉన్న నమ్మకం ఒకటి. నా భార్య సుల్తాన్ బీకి ఈ సంగతేమీ తెలియకపోవడం రెండోది. బేరానికి కూర్చునేముందు చేతిలో ఏముందో చూసుకోవడం నా అలవాటు. ఆ పొద్దునా చూసుకున్నాను. పనికి సరిపోతాయనిపించింది.

నాది రేపల్లెలో ఎండుచేపల వ్యాపారం. నిజాంపట్నం పల్లెలో ఆరబెట్టిన సరుకు తీసుకుని తెనాలికి పంపుతాను. వరమ్మక్క ఇరవయ్యేళ్ళుగా నాకు సరుకు ఆరబెట్టి ఇస్తోంది. ఇసుక కలిసిన చేప ఒక్కటి కూడా ఆమె గంపలో నేను చూడలేదు. ఆమె నన్ను తమ్ముడూ అనేది, నేను ఆమెను అక్కా అనేవాణ్ణి.

ఆమెకు ఒక్కడే కొడుకు, వీరాంజనేయులు. అరవై తొమ్మిది మే నెల తుఫానులో ఇంకో ఇద్దరితో కలిసి వేటకు వెళ్ళి రాలేదు. ఆ ఇద్దరి శవాలు బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పడవ కూడా అక్కడే ఒక పక్కకు ఒరిగి దొరికింది. వీరాంజనేయులు దొరకలేదు.

ఆ పల్లెలో పాత కట్టు ఒకటి ఉంది. మనిషి దొరక్క పడవ ఒక్కటే దొరికితే, ఆ పడవ నిలబడి ఉన్నంతకాలం మనిషి బతికి ఉన్నట్టే. పెళ్ళాం గాజులు తీయదు. కర్మ చేయరు. పడవను పలకలుగా విప్పిన రోజే మనిషి పోయిన రోజు. విప్పేటప్పుడు మొదటి పలక మీద తల్లి చెయ్యి పడాలి. తల్లి లేకపోతే మేనమామ చెయ్యి.

వరమ్మక్క ఆ పడవను ఇంటి పక్కన తాటిదుంగల మీద నిలబెట్టించింది. ఎండకు పలకలు విచ్చుకోకుండా పొద్దున పది బిందెలు, మధ్యాహ్నం పది బిందెలు నీళ్ళు పోసేది. నెలకోసారి చేపనూనె రాసేది. అలా ఇరవై నెలలు గడిచాయి.

కోడలు కోటిరత్నం పరాయిది కాదు. వరమ్మక్క తమ్ముడు యలమంద కూతురే. పెళ్ళయిన ఏడాదికే మొగుడు కనిపించకుండా పోయాడు. ఇరవై రెండేళ్ళు నిండలేదు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. అడవులదీవి నుంచి మంచి సంబంధం వచ్చింది. మాఘం దాటితే ఇక ఆగలేమన్నారు. సోమవారం మాటకు వస్తామన్నారు. పడవ మాత్రం దుంగల మీదే ఉంది.

గురువారం నాడు యలమంద నా కొట్టుకు వచ్చి బస్తాల మీద కూలబడ్డాడు.

“అక్కనడిగే ధైర్యం నాకు లేదు ఖాజాబాయ్. పోయినేడు ఒకసారి అడిగితే, నా కొడుకుని చంపి నీ కూతురికి పెళ్ళి చేస్తావా అంది. నాలుగు నెలలు మాట్లాడలేదు.”

“మీ కట్టు ఏంటన్నావు? ఇంకోసారి చెప్పు.”

“తల్లి చెయ్యి పడాలి. తల్లి లేకపోతే మేనమామది.”

“లేకపోతే అంటే?”

“లేకపోతే అంటే లేకపోతేనే. పోయిందనుకో...”

“పోతేనేనా? ఊళ్ళో లేకపోయినా లేనట్టే కదా. మీ పెద్దలు ‘చచ్చిపోతే’ అన్నారా, ‘లేకపోతే’ అన్నారా?”

యలమంద బస్తా మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. “లేకపోతే అనే అన్నారు” అన్నాడు నెమ్మదిగా.

ఆ తెలివి నాదే. వేరే ఎవరి మీదా పెట్టను. ఎవరికీ నష్టం లేని బేరం అనుకున్నాను. పెద్దామె అడ్డు చెప్పక్కర్లేదు, ఒప్పుకోనూ అక్కర్లేదు. పిల్ల బతుకు ఒక దారికి వస్తుంది. ఆమె నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. పెద్దలు కూడా తల ఊపారు. శనివారం మధ్యాహ్నం రెండు దాటాక మంచి గడియ అన్నారు.

ఆమెను ఊరు దాటించడానికి ఒక సాకు కావాలి. గుడి అంటే రానంటుంది, సంత అంటే పని ఉందంటుంది. సుల్తాన్ బీ చాలా రోజులుగా భట్టిప్రోలు దిబ్బ చూడాలని అడుగుతోంది. రైల్లో వెళ్ళినప్పుడల్లా అక్కడేదో పాతకాలపు పట్నం ఉండేదని ఎవరో ఒకరు చెబుతుంటారు. “మీ మరదలికి తోడు ఎవరూ లేరక్కా. నేను మగాణ్ణి, దానికి కబుర్లు చెప్పలేను. ఒక్క రోజు రా” అన్నాను.

“నువ్వు లాభం లేకుండా బస్సెక్కవే, ఏంటి సంగతి?” అంది.

“మా ఆవిడ నోరు మూతపడితే అదే లాభం.”

ఆమె నవ్వి ఒప్పుకుంది.

శుక్రవారం రాత్రి యలమంద ఇంట్లో పడుకుని, చీకటితోనే ఆమె ఇంటికి వెళ్ళాను. అప్పటికే పడవకు పది బిందెలూ పోసేసింది. “మజ్జానం పది బిందెలూ మరిచిపోకే అమ్మాయ్. కుడిపక్కన ఎక్కువ పొయ్యి, అటు ఎండ కొడుతుంది” అని కోటిరత్నంతో చెప్పింది. ఆ పిల్ల తల వంచుకుని “అట్టాగే అత్తా” అంది. ఆ పిల్లకు అంతా తెలుసు. నేను బస్సు వేళవుతోందని తొందరపెట్టాను.

రేపల్లెలో సుల్తాన్ బీ మాతో కలిసింది. రైల్లో మా ఎదురుగా కూర్చున్న కళ్ళజోడు పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, “ఈ పెట్టెలో చేపల కంపు ఎక్కడిదబ్బా” అన్నాడు.

“నా దగ్గర్నుంచే బాబూ” అంది వరమ్మక్క. “రెండ్రోజుల్నించీ సబ్బు పెట్టి రుద్దుతున్నాను, ఒంటిని వదల్లేదు. దీనిక్కూడా టిక్కెట్టు కొట్టించమంటారా?”

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన కూడా రుమాలు తీసి, ఏ ఊరమ్మా మీది అని అడిగాడు. సుల్తాన్ బీ నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. వరమ్మక్క అంత హుషారుగా ఉండటం ఈ రెండేళ్ళలో నేను చూడలేదు. నా పథకానికి అది మంచి శకునమే అనుకున్నాను.

భట్టిప్రోలు దిబ్బ దగ్గరికి వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. గడ్డి మొలిచిన పెద్ద మట్టిదిబ్బ. దాని పొట్ట చీల్చినట్టు ఒకవైపు ఇటుకల గోడలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఒక్కో ఇటుక చేటంత ఉంది. కాపలాదారు పేరు నరసింహారావు. ఆరోజు మేము తప్ప ఇంకెవరూ రాకపోవడంతో మమ్మల్ని వదల్లేదు.

“ఇది బౌద్ధుల స్తూపమమ్మా. రెండువేల ఏళ్ళ పైమాటే. అప్పుడిదంతా పెద్ద పట్నం. సముద్రం కూడా ఇప్పుడున్నంత దూరంలో ఉండేది కాదంటారు.”

“సముద్రం వెనక్కి పోద్దా?” అంది వరమ్మక్క.

“పోతుందమ్మా. కొంచెం కొంచెంగా.”

“పట్టుకుపోయినయ్యి అక్కడే పెట్టి పోద్దా మరి?”

 అతను మాట మార్చి, దిబ్బ నడుమ ఉన్న గుంట చూపించాడు. తెల్లదొరల కాలంలో తవ్వితే అందులో రాతిపెట్టెలు దొరికాయట. రాతిపెట్టెలో స్ఫటికపు భరిణె, దాంట్లో బంగారు పువ్వులు, పూసలు, ఒక ఎముక ముక్క. అన్నీ మద్రాసు తీసుకుపోయారట.

“ఎవరి ఎముక?”

“బుద్ధుడిదమ్మా. గోరంత ముక్క.”

“గోరంతయినా దొరికింది వాళ్ళకి” అంది ఆమె.

సుల్తాన్ బీ నా వంక చూసింది. నేను ఇటుకల వంక చూశాను.

“ఆ పెట్టె మీద అక్షరాలున్నాయి” అన్నాడు నరసింహారావు. “తవ్వకాలకు వచ్చిన ఆఫీసరు గారు చదివి చెబితే నేను కంఠతా పట్టాను. కుర అనేవాడి తండ్రి, కుర అనేవాడి తల్లి, కుర, ఇంకా శివ అనే ఆయన, వీళ్ళు కలిసి ఈ పెట్టె చేయించారు అని రాసుంది.”

“తల్లి పేరు ఏంటో?”

“పేరు లేదమ్మా. కుర తల్లి అనే ఉంది.”

వరమ్మక్క పకపకా నవ్వింది. “పాపం, అంత ఖర్చు పెట్టి దాని పేరు రాయించుకోలేదూ! నాదీ అంతేనయ్యా. మా పల్లెలో వరమ్మంటే ఎవరికీ తెలీదు, ఆంజనేయులమ్మ అంటేనే తెలుసుద్ది.” అని, నవ్వు ఆపి, “మరి వాళ్ళ అబ్బాయి అప్పటికి బతికే ఉన్నాడా?” అని అడిగింది.

“ఉన్నాడమ్మా. అతని పేరు కూడా ఉందిగా.”

“అయితే అదృష్టవంతురాలు” అంది.

దిబ్బ చుట్టూ మెల్లగా తిరిగింది. ఒకచోట ఇటుకలు ఊడిన పెద్ద గండి ఉంది. ఇదేంటని అడిగింది. కాలవ తూముకూ, రోడ్డుకూ ఆరోజుల్లో ఇటుకలు పీక్కుపోయారని అతను చెప్పాడు. ఊళ్ళోవాళ్ళు ఊరుకున్నారా అంటే, ఇది ఏమిటో అప్పటికి ఎవరికీ గుర్తు లేదమ్మా అన్నాడు. ఆమె గండిలో చెయ్యి పెట్టి ఒక ఇటుక అంచు తడిమింది. దాని మీద తయారుచేసినవాడి వేళ్ళ గుర్తులున్నాయి. మూడు గీతలు. తన మూడు వేళ్ళూ వాటిలో పెట్టి చూసింది. సరిపోలేదు, ఆమె వేళ్ళు లావు.

పన్నెండు దాటాక దిబ్బ నీడన కూర్చుని అన్నాలు తిన్నాం. సుల్తాన్ బీ పులిహోర తెచ్చింది. వరమ్మక్క తెచ్చిన వేయించిన సావడాయి చేపలు మధ్యలో పెట్టుకున్నాం. తింటూ తింటూ ఆమె చెయ్యి ఆపింది.

“ఒక మాట చెబుతాను తమ్ముడూ. ఎవరితోనూ అనలేదు. యలమందతో కూడా.”

“చెప్పక్కా.”

“బుధవారం మాఘ పున్నమి. ఆరోజు సూర్యలంకలో స్నానం చేసొచ్చి పడవ విప్పేస్తాను. మొదటి పలక నేనే పీకుతాను.”

నేను చేతిలో ముద్ద కింద పెట్టేశాను.

“ఆ పిల్ల రాత్రిళ్ళు నిద్దరపోవట్లేదు. నాకు తెలీదనుకుంటది. అడవులదీవి సంబంధం సంగతీ నాకు తెలుసు, పల్లెలో ఏది దాగుద్ది? వాళ్ళు సోమవారం వస్తే, మా ఇంటోనే కూర్చోబెట్టి, గురువారం రండయ్యా అని నేనే చెబుదామనుకున్నాను. నా కొడుకు పెళ్ళానికి నేను చేసే పెళ్ళి అది. ఇన్నాళ్ళూ మొండికేసినదాన్ని, నా చేత్తో నేను ఒప్పుకుంటే ఆ పిల్లకి బరువుండదు. ఇంకొకళ్ళు విప్పితే జీవితాంతం నా మొకం చూడలేదు. ఏం, తప్పా?”

“తప్పేముంది వదినా” అంది సుల్తాన్ బీ. ఆమె కళ్ళు నిండాయి.

“నెల్రోజుల్నించీ చెయ్యి సిద్ధం చేసుకుంటున్నాను. రోజూ నీళ్ళు పోసి, ఆ మొదటి పలక మీద చెయ్యేసి నిలబడతాను. మొదట్లో వణికేది. ఇప్పుడు వణకట్లేదు.”

నేను గడియారం చూసుకున్నాను. పన్నెండూ నలభై. రెండు దాటాక అన్నారు. రైలు నాలుగింటికి గాని లేదు. సుల్తాన్ బీని నీళ్ళ సాకుతో పక్కకు పిలిచి, ఉర్దూలో నాలుగు ముక్కల్లో అంతా చెప్పాను. 

“అంటే ఆమెను ఇవాళ ఒక్కరోజుకి చచ్చిపోయినవాళ్ళలో కలిపారా?”

“మాట అలా కుదిరింది...”

“వెళ్ళి చెప్పండి. ఇప్పుడే.”

“ముందు చేరితే చెప్పక్కర్లేదుగా. చేరలేకపోతే అప్పుడు చూద్దాం.”

అదీ నా లెక్క. సమయానికి చేరితే పడవ దక్కుతుంది, నా పేరూ దక్కుతుంది. ముందే చెబితే పడవ దక్కినా నా పేరు పోతుంది. రెండూ దక్కే దారి ఉండగా ఒకటి ఎందుకు వదులుకోవాలి అనుకున్నాను.

వరమ్మక్క దగ్గరికి వచ్చి ఆకాశం చూపించాను. “మబ్బు పట్టేలా ఉందక్కా. పల్లెలో నా సరుకంతా ఎండలో ఉంది. వాన పడితే కొంప మునుగుతుంది, పద పోదాం.”

ఆమె తల పైకెత్తింది. “వానేంటి తమ్ముడూ! ఉత్తరపు గాలి, దూదిపింజల్లాంటి మబ్బు. పది రోజుల దాకా చుక్క పడదు.”

“నాకెందుకో భయంగా ఉంది.”

“నీ సరుకు పిచ్చి తగలెయ్య! మరదల్ని చూడనియ్యవు, నన్ను తిననియ్యవు” అంటూనే మూట కట్టింది. నరసింహారావుకు వెళ్ళొస్తామని చెప్పింది. కుర తల్లిని అడిగానని చెప్పు అంటూ వేళాకోళమాడింది.

రోడ్డెక్కాం. తెనాలి నుంచి వచ్చే బస్సు ఆపకుండా వెళ్ళిపోయింది. ఒకటీ ఇరవైకి ధాన్యం లారీ ఒకటి దొరికింది. డ్రైవరును బతిమాలి ఆడవాళ్ళిద్దరినీ ముందు ఎక్కించి, నేను బస్తాల మీద కూర్చున్నాను. రేపల్లెలో దిగేసరికి రెండుకు అయిదు నిమిషాలుంది. నిజాంపట్నం బస్సు లేదు. అద్దెకారు ఇంటింటికీ తిరిగి వెతికి, భోంచేస్తున్న డ్రైవరును లేపి బయల్దేరేసరికి రెండున్నర.

కారెక్కడం వరమ్మక్కకు అదే మొదటిసారి. “ఎండుచేపల కోసం కారా! సుల్తానమ్మా, నీ మొగుడికి పిచ్చి ముదిరింది” అంది. తర్వాత కిటికీలోంచి పొలాలు చూస్తూ, పున్నమికి మా ఇద్దరినీ కూడా సూర్యలంక రమ్మని పిలిచింది. సుల్తాన్ బీ మోచేత్తో నన్ను పొడిచింది. చెప్పమని. రెండుసార్లు పొడిచింది. దారిలో ప్రతి మైలురాయి దగ్గరా చెబుదామనే అనుకున్నాను. పెద్దల గడియ కాస్త ఆలస్యం కావచ్చు, మేకులు తుప్పు పట్టి ఊడక ఆగి ఉండవచ్చు అని కూడా అనుకున్నాను.

మేకులు బాగానే ఊడాయి. ఇరవై నెలలు ఆమె తడిపి, నూనె రాసి ఉంచిన పలకలు ఒక్కటీ విరక్కుండా, చీలకుండా, పనసతొనల్లా వచ్చాయట. ఆ మాట పల్లెవాళ్ళు తర్వాత చెప్పారు.

మేము వెళ్ళేసరికి మూడుంబావు. తాటిదుంగలు ఖాళీగా ఉన్నాయి. పలకలన్నీ పేర్చి ఉన్నాయి. యలమంద చేతిలో సుత్తి ఉంది. పొద్దు గుంకాక రావలసినవాళ్ళం ఎదురుగా కారు దిగేసరికి ఆ సుత్తి అతని చేతిలోనే ఉండిపోయింది. కోటిరత్నం గడపలో కూర్చుని ఉంది, చేతులకు గాజుల్లేవు.

వరమ్మక్క ఏడవలేదు. దుంగల దాకా నడిచి ఆగింది.

“ఎవరి చెయ్యి పడింది?”

“నాదే అక్కా” అన్నాడు యలమంద.

“నేను లేనా?”

“ఊళ్ళో లేవు కదక్కా...”

“ఓహో. లేను” అంది. ఆ మాటను ఇంకోసారి, తనలో తాను అనుకున్నట్టు అంది. “లేను.”

పలకల దగ్గరికి వెళ్ళింది. “మొదటిది ఏది?”

ఎవరూ చెప్పలేకపోయారు. పేర్చేటప్పుడు అన్నీ తారుమారయ్యాయి. యలమంద ఒకటి చూపించాడు, కాదేమోనని ఇంకోటి చూపించాడు. ఆమె రెండింటినీ తడిమి, “కాదు” అంది. ఇక వెతకలేదు. వెళ్ళి కోటిరత్నం పక్కన కూర్చుని, గాజుల్లేని ఆ రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది. “ఏడవమాక. నాలుగు రోజులు ముందయింది, అంతేగా” అంది. ఆ పిల్ల మాత్రం తలెత్తి ఆమె ముఖం చూడలేదు.

తర్వాత వరమ్మక్క నావైపు తిరిగింది.

“నీకు తెలుసా తమ్ముడూ?”

యలమంద నావైపు చూడలేదు. నా పేరు చెప్పే ఉద్దేశం అతనికి లేదని అర్థమైంది. సుల్తాన్ బీ మాత్రం నన్నే చూస్తోంది.

“తెలియదక్కా” అన్నాను.

“అదే. తెలిస్తే చెప్పకుండా ఉంటావా” అంది ఆమె.

ఇది జరిగి అయిదేళ్ళు దాటింది. కోటిరత్నం పెళ్ళి ఆ మాఘంలోనే అయింది. మొగుడు మంచివాడు, ఇద్దరు పిల్లలు. యలమంద కడుపునిండా తింటున్నాడు. ఇవన్నీ లాభాలే, కాదనను. కానీ ఆ శనివారం ఖాతాలో వెయ్యడానికి వీల్లేదు. బుధవారం దాకా ఆగి ఉంటే ఇవన్నీ ఇలాగే వచ్చేవి. ఇంకొకటి కూడా వచ్చేది. కోటిరత్నం కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడల్లా వరమ్మక్క ఇంటికి వెళ్ళగలిగేది. ఇప్పుడు వెళ్ళదు. యలమంద ఇంటికే వచ్చి, అటు నుంచే పోతుంది. పిల్లల్ని వరమ్మక్క రెండుసార్లు దూరం నుంచి చూసింది.

ఆ పగటివల్ల నాకు మిగిలింది ఒక్కటే. వరమ్మక్క ఇప్పటికీ మంచి సరుకు నాకే ఉంచుతుంది. కొత్తగా వచ్చిన వ్యాపారులు బేరానికి దిగితే, “మా ఖాజా తమ్ముడికి తప్ప ఇవ్వను. వాడు నాతో ఒక్కనాడూ అబద్ధమాడలేదు” అంటుంది. నేను సరుకు తూయించుకుని వస్తాను. ఆ గంపలు ఇంటికి వస్తే సుల్తాన్ బీ వాటిని ముట్టుకోదు.